అభిమాన ఆటగాడి మ్యాచ్: ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు కంగారు పడాలి

ఈసారి ఉత్తరాలన్నీ టెన్నిస్ అభిమానులవే. ఆడే మెళకువలు ఎవరూ అడగలేదు, అందరూ చూసే మెళకువలే అడిగారు. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

*

ప్రశ్న: వింబుల్డన్ షెడ్యూల్లో మా అభిమాన ఆటగాడి మ్యాచ్ "సెంటర్ కోర్టులో మూడోది" అని మాత్రమే ఉంటుంది, టైమ్ ఉండదు. టీవీ ముందు ఎన్నింటికి కూర్చోవాలి? రెండుసార్లు ముందే కూర్చుని నిద్రపోయాను.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: టెన్నిస్‌లో కచ్చితమైన టైమ్ ఆ కోర్టులో మొదటి మ్యాచ్‌కే ఉంటుంది. మిగతావన్నీ ముందుది అయిపోయాకే. కొన్ని టోర్నీల్లో "నాట్ బిఫోర్" అని ఒక టైమ్ వేస్తారు. ముందు మ్యాచ్ త్వరగా ముగిసినా ఆ టైమ్ కంటే ముందు మొదలుపెట్టరని దాని భావం, సరిగ్గా అప్పుడే మొదలవుతుందని కాదు.

వింబుల్డన్‌కూ మనకూ తేడా నాలుగున్నర గంటలు. బయటి కోర్టుల్లో ఆట మన మధ్యాహ్నం 3.30కి, నంబర్ 1 కోర్టులో 5.30కి, సెంటర్ కోర్టులో సాయంత్రం 6 గంటలకు మొదలవుతుంది. ఇక లెక్క వేయండి. మహిళల సింగిల్స్ సుమారు గంటన్నర, పురుషుల మ్యాచ్ (ఐదు సెట్లలో మూడు గెలవాలి) రెండున్నర నుంచి మూడు గంటలు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య 15–20 నిమిషాలు. ముందు ఒక మహిళల మ్యాచ్, ఒక పురుషుల మ్యాచ్ ఉంటే మూడోది రాత్రి 11కు కాస్త అటూ ఇటూగా మొదలవుతుంది. ముందు రెండూ ఏకపక్షంగా సాగితే తొమ్మిదిన్నరకే రావచ్చు, రెండూ చివరి సెట్ దాకా లాగితే అర్ధరాత్రి దాటి ఒంటిగంట కావచ్చు. కాబట్టి తొమ్మిదింటికల్లా భోజనం ముగించి, రెండో మ్యాచ్ స్కోరు మీద ఒక కన్ను వేసి ఉంచండి. అందులో ఎవరైనా రెండు సెట్లు గెలిచి మూడో సెట్లో ముందంజలో ఉంటే అప్పుడు కూర్చోండి. ఇంకో సంగతి, వింబుల్డన్‌లో అక్కడి రాత్రి 11 దాటాక ఆడనివ్వరు. అంటే మన తెల్లవారుజాము 3.30. అప్పటికి తేలకపోతే మిగతా ఆట మర్నాడే.

మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లు (వింబుల్డన్ స్థాయి పెద్ద టోర్నీలు): ఆస్ట్రేలియన్ ఓపెన్ మనకంటే ఐదున్నర గంటలు ముందు. పగటి ఆట మన ఉదయం 5.30కి, రాత్రి సెషన్ మధ్యాహ్నం 1.30కి. ఉద్యోగస్తులకు పెద్ద పరీక్ష అదే. ఫ్రెంచ్ ఓపెన్‌కు మూడున్నర గంటల తేడా. బయటి కోర్టులు మధ్యాహ్నం 2.30కి, రాత్రి సెషన్ మనకు 11.45కి. ఆ రాత్రి సెషన్లో ఉండేది ఒక్కటే మ్యాచ్, కాబట్టి ఎదురుచూపు ఉండదు. యూఎస్ ఓపెన్ బయటి కోర్టులు మన రాత్రి 8.30కి, రాత్రి సెషన్ తెల్లవారుజామున 4.30కి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "సోమవారం రాత్రి సెషన్" అంటే మనకు మంగళవారం తెల్లవారుజాము. అలారం సోమవారానికి పెట్టుకుంటే అక్కడ ఇంకా ఆదివారం రాత్రే.

*

ప్రశ్న: యాప్‌లో మ్యాచ్ చూస్తుంటే మా తమ్ముడు పక్క గదిలోంచి ముందే "పోయింది" అని అరుస్తాడు. వాడు చూసేది లైవ్ స్కోరు. ఆట కంటే స్కోరు ముందు ఎలా వస్తుంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పాయింట్ ముగియగానే చైర్ అంపైర్ తన చేతిలోని పరికరంలో స్కోరు నొక్కుతారు. లైవ్ స్కోరు అక్కడి నుంచి నేరుగా వస్తుంది. బొమ్మకు అంత తేలిక దారి లేదు. కెమెరా నుంచి ప్రసార సంస్థకు, అక్కడి నుంచి యాప్ సర్వర్‌కు, అక్కడి నుంచి మీ ఫోన్‌కు రావాలి. ఆగకుండా ఆడటానికి యాప్ కూడా కొన్ని సెకన్ల ఆటను ముందే దాచి పెట్టుకుంటుంది. అందుకే డీటీహెచ్ కంటే యాప్ వెనకబడుతుంది, ఆ తేడా అర నిమిషమూ దాటొచ్చు. నెట్ వేగం పెంచినంత మాత్రాన ఇది పోదు. మధ్యలో ఫోన్ వస్తే ఆట ఆపి మళ్లీ నొక్కారనుకోండి, ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. "లైవ్" బటన్ నొక్కితేనే ముందుకొస్తారు. స్కోరు యాప్ నోటిఫికేషన్లు, వాట్సాప్ గ్రూపు రెండూ మ్యూట్ చేయండి. తమ్ముణ్ని మ్యూట్ చేసే మార్గం మీ అమ్మగారినే అడగాలి.

*

ప్రశ్న: మావాడి సర్వీసులో 0-15 అనగానే నా గుండె దడదడలాడుతుంది. 0-30 అయితే లేచి బయటికి వెళ్లిపోతాను. నిజంగా ఏ స్కోరు దగ్గర భయపడాలి? స్క్రీన్ మీద వేసే గణాంకాల్లో దేన్ని చూడాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి (స్కోరులో ముందు అంకె సర్వ్ చేసేవాడిది). ఒక మంచి పురుష ఆటగాడు తన సర్వీసులో నూటికి 65 పాయింట్లు గెలుస్తాడనుకుందాం. ప్రతి పాయింటూ అదే తీరున సాగితే ఆ గేమ్ నిలబెట్టుకునే అవకాశం 83 శాతం. 0-15 అయితే అది 69కి దిగుతుంది. ఇందులో బెంబేలు పడేదేం లేదు. 15-15 అయితే మళ్లీ 80. 15-30 దగ్గర 62. 0-30 దగ్గర మాత్రం 48కి పడిపోతుంది. 30-40 దగ్గర ఉండేది 50. అంటే బ్రేక్ పాయింట్ (ఇంకొక్క పాయింట్ పోతే సర్వ్ చేసేవాడి గేమ్ పోయే స్థితి) అని ఎవరూ అనకపోయినా, 0-30 అప్పటికే 30-40 అంత ప్రమాదం. 15-40 అయితే 33, 0-40 అయితే 21. కాబట్టి 0-30కి మీరు లేచి వెళ్లడంలో లెక్క తప్పలేదు. తప్పల్లా 0-15కే వణకడం. 30-30 అయినా డ్యూస్ (40-40) అయినా సర్వ్ చేసేవాడికి ఇంకా 77 శాతానికి పైనే ఉంటుంది.

మహిళల ఆటలో సర్వీసు పట్టు కొంచెం తక్కువ. 56 శాతం పాయింట్లు గెలిచే క్రీడాకారిణికి గేమ్ నిలబెట్టుకునే అవకాశం 65 శాతమే. అందుకే అక్కడ ఒక బ్రేక్ పోయినా సెట్ పోయినట్టు కాదు, మరుసటి గేమ్‌లోనే తిరిగి రావడం మామూలు. మట్టి కోర్టు మీద ఎవరికైనా సర్వీసు బలం తగ్గుతుంది. గడ్డి మీద పురుషుల మ్యాచ్‌లో ఒక్క బ్రేక్ పోతే మాత్రం కంగారు పడటానికి హక్కుంది.

ఇక గణాంకాలు. అందరి కళ్లూ ఫస్ట్ సర్వ్ శాతం మీదే ఉంటాయి. మేమైతే సెకండ్ సర్వ్ (మొదటిది తప్పితే ఇచ్చే రెండో అవకాశం) మీద గెలిచిన పాయింట్లు చూడమంటాం. ఫస్ట్ సర్వ్ 62 శాతం లోపల పడి, పడినప్పుడు 73 శాతం గెలుస్తూ, సెకండ్ సర్వ్ మీద 52 శాతం గెలిచే ఆటగాడికి మొత్తం మీద సరిగ్గా ఆ 65 శాతం వస్తుంది. వాడి ఫస్ట్ సర్వ్ ఒకనాడు 50 శాతానికి పడిపోయిందనుకోండి, గేమ్ నిలబెట్టుకునే అవకాశం 83 నుంచి 79కి తగ్గుతుంది, అంతే. అదే ఫస్ట్ సర్వ్ బాగానే పడుతూ, సెకండ్ సర్వ్ మీద గెలిచేది 52 నుంచి 40కి జారితే అవకాశం 75కు కూడా చేరదు. అవతలివాడు సెకండ్ సర్వ్‌కు గీత లోపలికి అడుగు వేసి రిటర్న్ కొడుతున్నాడా, వెనక్కి నిలబడి తిరిగి పంపుతున్నాడా చూడండి. లోపలికి వచ్చి కొడుతుంటే, స్కోరు బోర్డు చెప్పకముందే మీకు సంగతి తెలిసిపోతుంది.

ఇంకో రెండు చూడదగ్గవి ఉన్నాయి. 30-40, అడ్వాంటేజ్ (డ్యూస్ తర్వాత ఒకరు ఒక పాయింట్ ముందున్న స్థితి) పాయింట్లలో సర్వ్ ఎప్పుడూ కోర్టు ఎడమ వైపు నుంచే. ఎడమచేతి వాటం వాళ్లకు ఆ వైపు నుంచి బంతిని బయటికి తిప్పి, కుడిచేతి ప్రత్యర్థి బ్యాక్‌హ్యాండ్‌ను కోర్టు దాటించడం సులువు. నాదల్ ఎన్నో బ్రేక్ పాయింట్ల నుంచి ఇలాగే బయటపడ్డాడు. రెండోది కొత్త బంతులు. మొదట 7 గేమ్‌ల తర్వాత, ఆపైన ప్రతి 9 గేమ్‌లకూ మారుస్తారు (వార్మప్‌ను 2 గేమ్‌ల కింద లెక్కేస్తారు కనుక మొదట 7). కొత్త బంతి మీద నూగు అణిగి ఉంటుంది, గాలిలో వేగంగా పోతుంది. సర్వ్ చేసేవాడు బంతిని పైకెత్తి ప్రత్యర్థికి చూపించేది అప్పుడే. ఆ గేమ్‌లో బ్రేక్ అయితే అది మామూలు బ్రేక్ కన్నా బరువైనది.

పై లెక్క మీకు ధైర్యం ఇవ్వకపోతే 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ గుర్తు చేసుకోండి. సిన్నర్ మీద అల్కరాజ్ రెండు సెట్లు వెనకబడి, నాలుగో సెట్లో 3-5, 0-40 దగ్గర సర్వ్ చేస్తున్నాడు. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు. అక్కడ ఆ ఒక్క గేమ్ దక్కే అవకాశమే దాదాపు ఐదింట ఒకటి, టైటిల్ మాట సరేసరి. ఆ గేమ్ దక్కించుకున్నాడు, టైటిల్ కోసం సిన్నర్ సర్వ్ చేసిన తర్వాతి గేమ్‌ను బ్రేక్ చేశాడు, 5 గంటల 29 నిమిషాల ఆట చివర 10-2 టై-బ్రేక్‌తో (సెట్ సమమైతే తేల్చే పాయింట్ల ఆట) గెలిచాడు.

*

ప్రశ్న: నేను చూస్తే ఓడిపోతాడు, చూడకపోతే గెలుస్తాడు. ఇంట్లో వాళ్లు కూడా నన్ను టీవీ ముందు కూర్చోనివ్వడం లేదు. ఇది నిజంగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు ఎప్పుడు చూడటం మొదలుపెడుతున్నారో చెప్పండి. చాలామంది లైవ్ స్కోరులో "చివరి సెట్" అని కనిపించాకే టీవీ పెడతారు. ఆ దశకు చేరిన మ్యాచ్ ఇద్దరికీ చెరి సగం. 6-2, 6-1, 6-3తో గెలిచిన మ్యాచ్‌లు మీరు వంటింట్లో ఉండగానే అయిపోతున్నాయి. అంటే కష్టమైనవన్నీ మీ ఖాతాలో, తేలికైనవన్నీ మీరు చూడని ఖాతాలో పడుతున్నాయి. వచ్చే టోర్నీలో మొదటి రౌండ్ నుంచి, వార్మప్ నుంచి చూడండి. అగ్రశ్రేణి ఆటగాళ్లు మొదటి రౌండ్లలో ఎక్కువగా గెలుస్తారు కాబట్టి వారం తిరిగేసరికి మీరే అదృష్ట దేవత అయిపోతారు. టీవీ రిమోట్ కూడా దక్కుతుంది.

*

ప్రశ్న: 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ పాయింట్లు ఎక్కువ గెలిచాడని అంటారు. మరి ఎలా ఓడాడు? ఇప్పటికీ జీర్ణం కావడం లేదు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఫెదరర్ 218 పాయింట్లు, జొకోవిచ్ 204. స్కోరు మాత్రం 7-6, 1-6, 7-6, 4-6, 13-12 జొకోవిచ్‌కు. సెట్లు విడివిడిగా చూడండి. ఫెదరర్ గెలిచిన రెండో సెట్ 6-1. జొకోవిచ్ గెలిచిన మూడూ టై-బ్రేక్‌లే, 7-5, 7-4, 7-3. 6-1తో గెలిచినా ఒక సెట్టే, టై-బ్రేక్‌లో రెండు పాయింట్ల తేడాతో గెలిచినా ఒక సెట్టే. ఎక్కువ పాయింట్లన్నీ తేలిగ్గా గెలిచిన సెట్లో పోగుపడితే అవి తర్వాత అక్కరకు రావు. చివరి సెట్ 8-7, 40-15 దగ్గర ఫెదరర్‌కు తన సర్వీసులోనే రెండు ఛాంపియన్‌షిప్ పాయింట్లు ఉన్నాయి, రెండూ పోయాయి.

అప్పట్లో వింబుల్డన్ చివరి సెట్లో 12-12 దగ్గరే టై-బ్రేక్ ఉండేది. 2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల్లోనూ ఒకటే పద్ధతి: చివరి సెట్ 6-6 అయితే 10 పాయింట్ల టై-బ్రేక్, రెండు పాయింట్ల ఆధిక్యం తప్పనిసరి. కాబట్టి ఇప్పుడు చూసేటప్పుడు చివరి సెట్ టై-బ్రేక్‌లో 6-3 అయిందని చేతులు పైకెత్తకండి, 7కు ఆగేది ముందు సెట్లలోనే. మొదటివాడు ఒక సర్వ్, ఆ తర్వాత ఇద్దరూ రెండేసి, ప్రతి 6 పాయింట్లకు వైపులు మార్పు. ఎదుటివాడి సర్వ్‌లో గెలిచిన పాయింట్‌నే మినీ-బ్రేక్ అంటారు. అంకె కన్నా దాన్నే లెక్కపెట్టుకోవాలి.

*

ప్రశ్న: ఓడిపోతున్నవాడు టాయిలెట్‌కని వెళ్లిపోతాడు, కాలు పట్టుకుని కూర్చుంటాడు. మావాడి ఊపు పోతుంది. ఇది మోసం కాదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీవాడూ ఏదో ఒకరోజు వెళ్లే ఉంటాడు. నిబంధన ఇదీ. ఏటీపీ (పురుషుల టెన్నిస్ సంస్థ) టూర్‌లో మూడు సెట్ల మ్యాచ్‌కు ఒక్కసారే టాయిలెట్ విరామం, అదీ సెట్ ముగిసినప్పుడే. లోపలికి వెళ్లాక 3 నిమిషాలు, బట్టలు మార్చుకోవాలంటే ఇంకో 2. గాయమైతే ఫిజియో వచ్చి చూశాక చికిత్సకు 3 నిమిషాలు. కండరాలు పట్టేస్తే మాత్రం మెడికల్ టైమౌట్ లేదు. వైపులు మారే 90 సెకన్లలో, సెట్ల మధ్య 120 సెకన్లలోనే చూపించుకోవాలి. అంతవరకు ఆగలేకపోతే మధ్యలో ఉన్న పాయింట్లనో గేమ్‌నో వదులుకోవాలి. 2023 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో జొకోవిచ్‌తో 1-1 సెట్లు, మూడో సెట్ 1-1 దగ్గర అల్కరాజ్‌కు కండరాలు పట్టేశాయి. చికిత్స కోసం ఒక గేమ్ వదులుకున్నాడు. ఆ తర్వాత రెండు సెట్లూ 6-1, 6-1తో పోయాయి. పాయింట్ల మధ్య 25 సెకన్ల గడియారం స్క్రీన్ మీదే ఉంటుంది కాబట్టి సాగదీత ఎవరిదో మీరే పట్టుకోవచ్చు.

*

ప్రశ్న: ఫైనల్ దాకా వెళ్లినా ర్యాంకు పాయింట్లు తగ్గాయి. ఇదెక్కడి న్యాయం?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ర్యాంకింగ్‌లో ఒక్కో ఫలితం 52 వారాలే బతుకుతుంది. పురుషుల్లో గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000, రన్నరప్‌కు 1300, సెమీస్‌కు 800, క్వార్టర్స్‌కు 400, నాలుగో రౌండ్‌కు 200. నిరుడు టైటిల్ గెలిచినవాడు ఈసారి ఫైనల్లో ఓడితే 2000 పోయి 1300 వస్తాయి, 700 నష్టం. నిరుడు నాలుగో రౌండ్లో ఇంటికెళ్లినవాడు ఈసారి సెమీస్ చేరితే 600 లాభం. టోర్నీకి ముందే "నిరుడు ఇక్కడ ఏం చేశాడు" అని చూసుకుంటే ఆశ్చర్యం ఉండదు. అన్నిటికన్నా వింత 2022ది. రష్యా, బెలారస్ ఆటగాళ్లను వింబుల్డన్ రానివ్వనందుకు ఏటీపీ, డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంస్థ) ఆ ఏడాది అక్కడ పాయింట్లే ఇవ్వలేదు. జొకోవిచ్ టైటిల్ గెలిచి కూడా 3 నుంచి 7వ ర్యాంకుకు పడిపోయాడు.

*

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉన్నాడు. జూలైలో వెళ్తున్నాం. టికెట్ లేకుండా వింబుల్డన్ చూడొచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: చూడొచ్చు, ఓపిక ఉంటే. అక్కడ క్యూ ఒక సంప్రదాయం. వింబుల్డన్ పార్కులో నిలబడితే నంబరు వేసిన క్యూ కార్డు ఇస్తారు. అదే మీ స్థానం, పోగొట్టుకోవద్దు. ఒకరికి ఒకే టికెట్, కాబట్టి చూసే ప్రతి ఒక్కరూ క్యూలో ఉండాల్సిందే. అబ్బాయిని నిలబెట్టి మీరు పొద్దున వస్తామంటే కుదరదు. రోజూ సెంటర్ కోర్టుకు (చివరి నాలుగు రోజులు తప్ప), నంబర్ 1, నంబర్ 2 కోర్టులకు సుమారు 500 చొప్పున క్యూలో అమ్ముతారు. వాటికోసం ముందురోజే వచ్చి గుడారంలో పడుకుంటారు. ఒక గుడారంలో ఇద్దరికే చోటు. టాయిలెట్‌కో తిండికో వెళ్తే అరగంటలో తిరిగి రావాలి.

సెంటర్ కోర్టే కావాలని పట్టుబట్టకండి. గ్రౌండ్ పాస్ తీసుకుంటే బయటి కోర్టుల్లో ఆటగాడికి నాలుగైదు గజాల దూరంలో కూర్చోవచ్చు. మొదటి వారంలో గొప్ప సుఖం అదే. సాయంత్రం వెళ్లిపోయేవాళ్లు వదిలిన పెద్ద కోర్టుల టికెట్లను మళ్లీ అమ్ముతారు, వాటి కోసం వింబుల్డన్ యాప్‌లో వరుస కట్టాలి. వాన పడితే పైకప్పు ఉండేవి సెంటర్, నంబర్ 1 కోర్టులే. మిగతా చోట్ల గొడుగే దిక్కు.

కూర్చున్నాక పాయింట్ నడుస్తుండగా లేవకూడదు. ఆటగాళ్లు విశ్రాంతికి కూర్చున్నప్పుడే లోపలికి వదులుతారు. సెట్లో మొదటి గేమ్ తర్వాత వాళ్లు వైపులు మారతారు గానీ కూర్చోరు. ఆలస్యంగా వస్తే మూడో గేమ్ ముగిసేదాకా గేటు దగ్గరే నిలబడాలి. ఫోన్ సైలెంట్, ఫ్లాష్ ఆఫ్. ప్రత్యర్థి డబుల్ ఫాల్ట్ చేస్తే చప్పట్లు కొట్టడం మర్యాద కాదు, లోలోపల ఎంత ఆనందమైనా సరే.

*

ప్రశ్న: సానియా మీర్జా కోసమే టెన్నిస్ చూడటం మొదలుపెట్టాం. డబుల్స్‌లో బంతి వెంట కళ్లు పరుగెత్తేలోపు పాయింట్ అయిపోతుంది. ఎలా చూడాలి?
– ఇద్దరు అక్కచెల్లెళ్లు, హైదరాబాద్

జవాబు: బంతిని వదిలేయండి, నెట్ దగ్గరున్న మనిషిని చూడండి. సర్వ్‌కు ముందు ఆమె వీపు వెనక వేళ్లతో సైగ చేస్తుంది: అడ్డంగా దూకుతానో, ఉన్నచోటే ఉంటానో. ఆ సైగ, సర్వ్ పడే మూల, ఆమె కదలిక మూడూ కలిస్తే పాయింట్ అక్కడితో సరి. నెట్ దగ్గరి మనిషి మధ్యలో వంగి, సర్వ్ చేసేవాళ్లు మధ్య గీత పక్కనే నిలబడితే అది "ఐ ఫార్మేషన్". ఎటు దూకుతారో రిటర్న్ కొట్టేవాళ్లకు అందకుండా వేసే ఎత్తు.

స్కోరు తేడా కూడా తెలుసుకోవాలి. మామూలు టూర్ డబుల్స్‌లో డ్యూస్ తర్వాత ఒకే పాయింట్, ఏ వైపు నుంచి సర్వ్ తీసుకోవాలో రిటర్న్ జంట ఎంచుకుంటుంది. మూడో సెట్ బదులు 10 పాయింట్ల టై-బ్రేక్. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్‌లో అడ్వాంటేజ్ ఉంటుంది, మూడో సెట్ పూర్తిగా ఆడతారు. అందుకే తిరిగి లేవడానికి అక్కడ చోటు ఎక్కువ. సానియా, హింగిస్ 2015 వింబుల్డన్ ఫైనల్లో మకరోవా, వెస్నినా జంట మీద చివరి సెట్లో 2-5తో వెనకబడ్డారు. 5-5 దగ్గర చీకటి పడి పైకప్పు మూశారు, దీపాలు వెలిగాయి. తిరిగొచ్చి 5-7, 7-6, 7-5తో గెలిచారు. ఆ ఫైనల్ రికార్డింగ్ దొరికితే చివరి సెట్ రెండుసార్లు చూడండి, మొదటిసారి సానియాను, రెండోసారి నెట్ దగ్గర హింగిస్‌ను.